ధర కట్టని ఎకరంన్నర

ఆఫీసులో ఎవరికైనా జీతం పెరిగినా, పెళ్ళి కుదిరినా, ఇల్లు కొనే ఆలోచన మొదలైనా ఒక ప్రశ్న నా బల్ల దగ్గరికి వస్తుంది. "డబ్బు లెక్కలకీ ఇన్వెస్ట్‌మెంట్లకీ ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నావు?" అడిగేవాళ్ళకి కావలసింది ఒక పేరు. చెప్పేస్తే పని అయిపోతుంది. కానీ నేను ముందు ఇంకోటి అడుగుతాను. లెక్కలు ఎవరివి? నీ ఒక్కడివా, మీ ఇంటివా? ఒక్కడి లెక్కలకైతే సవాలక్ష యాప్‌లున్నాయి. ఇంటి లెక్కలకి చాలా తక్కువ. మా ఇంటి లాంటి ఇంటికైతే మరీ తక్కువ.

మా ఇల్లంటే మూడు చోట్ల ఉన్న ముగ్గురం. నేను హైదరాబాదులో. అక్క పాడేరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. అమ్మ అరకు దగ్గర మా ఊళ్ళోనే. నాన్న పోయి రెండేళ్ళు దాటింది. ఆయన లెక్కలు సగం ఒక డైరీలో, సగం తలలో ఉండేవి. మాకు డైరీ మిగిలింది. అందులో "సంత 400", "రాజు గారికి ఇవ్వాలి" లాంటి పద్దులున్నాయి. ఏ రాజు గారో, ఎంతో, ఎందుకో లేదు. నిరుడు వానాకాలంలో అక్కా నేనూ ఒక మాట అనుకున్నాం: ఇకనుంచి అన్నీ ఒకే పుస్తకంలో ఉండాలి, ముగ్గురిలో ఎవరు లేకపోయినా మిగతా ఇద్దరికీ అర్థం కావాలి. ఆ పుస్తకం ఏది అన్నదాని మీద నాలుగు నెలలు పోయాయి.

రాయవలసినవి ఇవీ. నా జీతం, పీఎఫ్, రెండు మ్యూచువల్ ఫండ్ సిప్‌లు. అక్క జీతం, ఆమె వేసే చీటీ. అమ్మ వైపు ఎకరంన్నర కాఫీ తోట, నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, పల్లంలో కాస్త వరి, మెట్టలో వలిసెలు, నాలుగు మేకలు, పొదుపు సంఘంలో పొదుపు, ఆ సంఘంలోనే తీసుకున్న అప్పు, రెండు తులాల బంగారం. అంతే. ఆడిటర్‌కి చూపిస్తే అరగంట పని.

నాకు నవలలు చదివి వాటి గురించి రాసే అలవాటుంది. నవల పట్టుకోగానే ఈ కథ ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, ఏది చెప్పడం లేదు అని చూస్తాం కదా. లెక్కల సాఫ్ట్‌వేర్‌ని కూడా అలాగే చదవొచ్చని ఈ నాలుగు నెలల్లో తెలిసింది. ప్రతి యాప్‌కీ మనసులో ఒక కథానాయకుడుంటాడు. అతనికి ఒకటో తారీకున జీతం వస్తుంది. అతని ఖర్చులన్నీ కార్డు మీదో యూపీఐ మీదో నడుస్తాయి. అతని కాలానికి కొలత నెల. అమ్మ కాలానికి కొలత నెల కాదు, పంట. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండు కోత. డబ్బు కొంత అప్పుడు, కొంత ఆ తర్వాత. మిరియాలు వేసవి ముందు. మిగతా నెలల్లో సంతకి ఏది పట్టుకెళ్తే అది. నెలవారీ బడ్జెట్ యాప్‌లో అమ్మని పెడితే ఆమె ఏడాదిలో ఎనిమిది నెలలు ఎర్ర రంగులో ఉంటుంది. నిజానికి ఆమె చేతిలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. ఆ ఎంతో కొంత ఎక్కణ్ణుంచి వస్తుందో యాప్‌కి తెలీదు.

ఎస్సెమ్మెస్‌లు చదివి వాటంతటవే ఖర్చులు రాసుకునే యాప్‌లు మన దేశపు ప్రత్యేకత. బ్యాంకు ప్రతి లావాదేవీకీ మెసేజ్ పంపుతుంది, యాప్ దాన్ని ఏరుకుంటుంది. తెలివైన పద్ధతే. కానీ అది మెసేజ్ రాని డబ్బుని చూడలేదు. మా కొండల్లో సగం డబ్బుకి మెసేజ్ రాదు. పైగా ఎవరి కోసం చదువుతోందన్నది ఇంకో సంగతి. నేను ప్రయత్నించిన వాటిలో ఒకటి రెండు వారాల్లో నా జీతం, అద్దె, అలవాట్లు అన్నీ పట్టేసింది. మూడో వారంలో నాకు ఎంత అప్పు ఇవ్వగలదో చెప్పింది. నేను అప్పు అడగలేదు. ఎవరి కోసం నా పద్దు రాస్తోందో అప్పుడు అర్థమైంది. 2020 చివర్లో మన రెండు రాష్ట్రాల్లోనూ లోన్ యాప్‌ల వేధింపులకి మనుషులు ప్రాణాలు తీసుకున్న వార్తలు గుర్తుండే ఉంటాయి. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్ళు తవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో నిబంధనలు పెట్టింది. అంతకుముందే గూగుల్ ఎస్సెమ్మెస్ చదివే అనుమతుల్ని బిగించింది. అయినా మూల ప్రశ్న అలాగే ఉంది: ఊరికే వచ్చే పద్దు పుస్తకానికి కూలి ఎవరిస్తున్నారు?

అమెరికాలో దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ మింట్. 2007లో వచ్చింది, లక్షలమంది వాడారు, 2009లో ఇంట్యూట్ కంపెనీ 17 కోట్ల డాలర్లకి కొనుక్కుంది, 2024 మార్చిలో మూసేసింది. పదిహేనేళ్ళ ఇంటి లెక్కలు అందులో రాసుకున్నవాళ్ళు ఒక గడువులోపు మూటా ముల్లె సర్దుకోవలసి వచ్చింది. అంతకుముందు మైక్రోసాఫ్ట్ మనీది కూడా దాదాపు ఇదే కథ. ఇంటి లెక్కలకి యాభై ఏళ్ళ ఆయుష్షు కావాలి. స్టార్టప్ ఆయుష్షు దానికి సరిపోదు.

మన దగ్గర ఇంకొంచెం మెరుగైన దారి ఒకటి పడింది. అకౌంట్ అగ్రిగేటర్ అంటారు. రిజర్వ్ బ్యాంకు 2016లో నిబంధనలు తెచ్చింది, 2021 సెప్టెంబరులో పెద్ద బ్యాంకులతో నడక మొదలైంది. మన అనుమతితో మన బ్యాంకు వివరాలు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి చేరవేసే పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఉత్తరం విప్పకూడదు, దగ్గర దాచుకోకూడదు. అనుమతి ఎందుకు, ఎన్నాళ్ళకి అన్నది రాతలో ఉంటుంది, వెనక్కి తీసుకోవచ్చు. నా బ్యాంకు ఖాతాకీ, ఫండ్లకీ బాగానే పనిచేసింది. కానీ ఈ పోస్ట్‌మ్యాన్ అమ్మ పొదుపు సంఘం ఉన్న వీధికి రాడు. కాఫీ పండు తూచిన చీటీ అతనికి ఉత్తరం కాదు.

ఇక్కడ ఆగి మా కొండల్లో పద్దు పుస్తకానికున్న చరిత్ర కాస్త చెప్పాలి. ఇది లేకపోతే నేను ఎందుకింత పట్టుదలగా వెతికానో అర్థం కాదు.

గోపీనాథ్ మహంతి ఒడియా నవల 'పరజా' 1945లో వచ్చింది. కథ జరిగేది కోరాపుట్‌లో, మా ఊరి నుంచి చూస్తే కనిపించే కొండలకి అవతల. సుక్రు జాని అనే రైతు, అటవీ గార్డు వేయించిన జరిమానా కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి తనూ కొడుకులూ గొత్తిగా, అంటే అప్పు కింద పాలేర్లుగా కుదురుతారు. ఎంత పని చేసినా అప్పు తరగదు. ఎందుకంటే తరిగిందో లేదో చెప్పే పుస్తకం సాహుకారు దగ్గరే ఉంది. నవలలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది కొట్టడాలూ తిట్టడాలూ కాదు, ఆ పుస్తకమే. ఒకడికే కనిపించే లెక్క.

ప్రభుత్వాలకి ఇది తెలియక కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ 1917లోనే ఏజెన్సీ ప్రాంతాలకి వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. పేరు చూడండి, వడ్డీనీ భూమినీ ఒకే చట్టంలో పెట్టారు. వడ్డీ పుస్తకంలో మొదలైంది భూమి దగ్గర తేలుతుందని వాళ్ళకి అర్థమైంది కాబట్టి. స్వాతంత్ర్యం తర్వాత 1956లో గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, పుట్టింది. అడవి నుంచి వచ్చే చింతపండు, తేనె, కొండచీపుర్లు కొనడం, ఉప్పూ పప్పూ అమ్మడం, అప్పులివ్వడం. షావుకారు చేసే మూడు పనులూ ఒక సంస్థ చేస్తే అతని పుస్తకం మూతపడుతుందని ఆలోచన. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్, 1970లో ఆ భూమి చట్టాన్ని ఇంకా బిగించిన సవరణ, మా వైపు పిల్లలు కూడా 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది, అన్నీ ఈ వరసలోనివే.

నేను కళ్ళారా చూసిన మార్పు మాత్రం పొదుపు సంఘం. స్వయం సహాయక సంఘాల్ని బ్యాంకులతో కలిపే కార్యక్రమం నాబార్డ్ 1992లో మొదలుపెట్టింది. మా వైపు అవి గట్టిగా వేళ్ళూనుకున్నది 2000 తర్వాత, వెలుగు రోజుల్లో. సంఘాలకి పంచసూత్రాలని చెప్తారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు, వేళకి తిరిగి కట్టడం, అయిదోది ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ మా ఊళ్ళో విప్లవం అదే. అమ్మ సంఘంలో పుస్తకం రాసే అమ్మాయి ప్రతి సమావేశంలోనూ లెక్క పైకి చదువుతుంది. ఎవరి పొదుపు ఎంత, ఎవరి అప్పు ఎంత మిగిలింది. చదవడం రాని వాళ్ళు కూడా వింటూ సరిచూస్తారు. "నాది రెండొందలు ఎక్కువ సెప్పినావు, మళ్ళీ సూడు" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఇప్పుడు ఈ పుస్తకాలు కూడా డిజిటల్ అవుతున్నాయి. 2015లో నాబార్డ్ ఈ-శక్తి మొదలుపెట్టింది, జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ లోకోస్ అనే యాప్ తెచ్చింది. మంచిదే. పైకి చదివే అలవాటు వాటితో పాటు నిలవాలని నా కోరిక.

కాబట్టి నా కొలబద్ద ఇలా తేలింది. పుస్తకం మా చేతిలో ఉండాలి. కంపెనీ పోయినా పుస్తకం పోకూడదు. పైకి చదివితే అమ్మకి అర్థం కావాలి.

ఈ మూడూ చాలావరకు తీర్చేది మామూలు స్ప్రెడ్‌షీట్. ఎవరికైనా మొదట అదే చెప్తాను. పది వరసలతో పోయేదానికి పెద్ద సరంజామా ఎందుకు? ఫండ్ల ధరలు ప్రతిరోజూ యాంఫీ తన సైట్‌లో ఒక సాదా టెక్స్ట్ ఫైలుగా పెడుతుంది, లాక్కోవచ్చు. రాబడి చూడ్డానికి ఎక్స్ఐఆర్ఆర్ అనే ఫంక్షన్ ఉంది. ఇది తెలుసుకోవడం ముఖ్యం. ప్రతి నెలా అయిదు వేలు వేసే సిప్‌లో మొదటి నెల డబ్బు ఎక్కువ కాలం పనిచేసింది, నిరుటి డబ్బు కొద్ది కాలమే. మొత్తం లాభాన్ని మొత్తం పెట్టుబడితో భాగిస్తే వచ్చే శాతానికి అర్థం లేదు. ఏ డబ్బు ఏ తేదీన పెట్టామో లెక్కలోకి తీసుకుని ఏడాదికి ఇంత అని చెప్పేది ఎక్స్ఐఆర్ఆర్. యాప్ పెద్ద ఆకుపచ్చ అంకె చూపిస్తే, అది ఏ రకం అంకె అని అడగండి.

స్ప్రెడ్‌షీట్ ఎక్కడ విరుగుతుందంటే, ముగ్గురి మధ్య డబ్బు కదిలినప్పుడు. నేను అమ్మకి పంపిన మూడు వేలు నా షీట్‌లో ఖర్చు, అమ్మ షీట్‌లో ఆదాయం. ఇంటికి చూస్తే రెండూ కాదు. అక్కడ జంట పద్దు కావాలి. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్ళింది, రెండూ ఒకేసారి రాయడం. లూకా పాచియోలీ 1494లో వెనిస్‌లో అచ్చువేసిన గణిత గ్రంథంలో దీన్ని వివరించాడు. అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్న పద్ధతే. మన షావుకార్లకి చిట్టా, ఆవర్జా ఉండేవి. జరిగింది జరిగినట్టు తేదీల వారీగా రాసేది చిట్టా, అందులోంచి ఖాతాల వారీగా విడగొట్టేది ఆవర్జా.

జంట పద్దుకి ఉచితంగా దొరికే వాటిలో గ్నూక్యాష్ పాతది, 1998 నుంచీ ఉంది, గట్టిది. కిటికీలు, బటన్లు ఉన్న సాఫ్ట్‌వేరే కావాలనుకునేవాళ్ళకి అదే చెప్తాను. నేను ఆగింది ఇంకోచోట. 2003లో జాన్ వీగ్లీ 'లెడ్జర్' అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. దాని పద్ధతి వింత. లెక్కలు మనం ఏ ఎడిటర్‌లోనైనా సాదా టెక్స్ట్‌గా రాసుకుంటాం. ప్రోగ్రాం వాటిని చదివి కూడికలు, నివేదికలు ఇస్తుంది. మన ఫైలుని ముట్టుకోదు. అంటే చిట్టా మనది, ఆవర్జా దానిది. ఆ తర్వాత ఇదే దారిలో బీన్‌కౌంట్, హెచ్‌లెడ్జర్ వచ్చాయి. నేను హెచ్‌లెడ్జర్ తీసుకున్నాను. రేపు అది లేకపోయినా ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో ఒక పద్దు ఇలా ఉంటుంది:

2026-01-02 సంత
    ఆస్తులు:అమ్మ:చేతి డబ్బు    1800 రూ
    ఆదాయం:వలిసెలు

రెండో వరసలో అంకె రాయక్కర్లేదు, అదే పూరిస్తుంది. ఖాతాల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. 'ఆస్తులు' అంటే ఆస్తులని, 'ఆదాయం' అంటే ఆదాయమని ఫైలు మొదట్లో ఒక్కసారి చెప్పాలి, ఇంగ్లీషు పేర్లయితే దానికే తెలుసు. టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి, వరసలు వంకరగా కనిపిస్తాయి. అది భరించాలి. ఫండ్ల కోసం క్యామ్స్, కేఫిన్‌టెక్ పంపే ఉమ్మడి స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ని ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో ఈ రూపంలోకి మారుస్తాను. చెప్పొద్దూ, కోడ్ రాసేవాళ్ళకి తప్ప మొదటి నెల సుఖంగా ఉండదు.

మరి ఇదే ఎందుకు? దీనికి కారణం తోట.

యాప్‌లన్నిట్లో 'నెట్ వర్త్' అనే గడి ఉంటుంది. అన్నీ కూడి, అప్పులు తీసేసి, నీ విలువ ఇంత అని ఒక్క అంకె చెప్తుంది. భూమి చేర్చు అని నొక్కగానే 'మార్కెట్ విలువ' అడుగుతుంది. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి కదలదు. సున్నా వేస్తే ఆస్తి లేనట్టు. మరి ఎంత వెయ్యాలి? మాది అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. 2006 నాటి ఆ చట్టం ప్రకారం అది వారసులకి వస్తుంది, అమ్మడానికీ బదిలీ చెయ్యడానికీ వీల్లేదు. రెవెన్యూ పట్టా భూమి అయినా 1/70 కింద గిరిజనేతరులకి అమ్మకూడదు. మార్కెట్టే లేని చోట మార్కెట్ విలువ ఎక్కడిది? అరకు చుట్టుపక్కల రిసార్టుల కోసం ఎవరెవరి పేర్ల మీదో నడిచే బేరాల రేట్లు నాకూ చెవిన పడుతుంటాయి. ఆ అంకెని గడిలో వేస్తే నా నెట్ వర్త్ ఒక్క దెబ్బతో పెరుగుతుంది. ఆ అంకె రోజూ తెరమీద కనిపిస్తుంటే మనసు దాని వెంట పోతుంది కూడా. మా పక్క మండలం అనంతగిరిలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. అంత పోరాడి అంగడి బయట ఉంచిన భూమిని నేను నా ఫోన్‌లో అంగట్లో పెట్టడమేమిటి?

ఇదే అమ్మతో ఫోన్‌లో అన్నాను, తోటకి ధర వెయ్యమంటోందమ్మా అని.

"అమ్మని దానికి ధరేటిరా? ఎవుడడిగేడు?" అంది.

హెచ్‌లెడ్జర్‌లో రూపాయి ఎలాగో ఎకరం కూడా అలాగే. పేరు కొటేషన్ గుర్తుల మధ్య పెడితే కిలో, తులం, మేక, ఏదైనా ఒక కొలత. వేటికి రూపాయల్లో ధర ఇస్తామో వాటినే అది రూపాయల్లోకి మారుస్తుంది. ధర ఇవ్వనివి వాటి కొలతలోనే మిగులుతాయి. దాంతో నివేదిక చివర మా ఇంటి మొత్తం ఒక్క అంకె కాదు, కొన్ని వరసలు. ఇన్ని లక్షల రూపాయలు. కింద, ఎకరంన్నర. కింద, రెండు తులాలు. కింద, నాలుగు మేకలు. ఫండ్లకి ప్రతి రాత్రీ ధర మారుతుంది. ఎకరంన్నర ఎకరంన్నరగానే ఉంటుంది. బంగారానికి పేపర్లో రోజూ ధర ఉన్నా, అది అమ్మది, ఆమె అడగలేదు, కాబట్టి నేను వెయ్యలేదు. అమ్మదగినవీ అమ్మరానివీ ఒకే కాగితం మీద, ఒకదాన్నొకటి మింగకుండా నిలబడటం నేను ఇంకే సాఫ్ట్‌వేర్‌లోనూ చూడలేదు.

తోట పెట్టుబడిగా ఎలా ఉందో చూడాలన్న కుతూహలం మాత్రం ఆపుకోలేకపోయాను. హెచ్‌లెడ్జర్‌లో రాబడి లెక్కకట్టే ఆజ్ఞ ఒకటుంది. మొక్కలకి, కలుపుకి, కోత కూలీలకి పెట్టింది ఒకవైపు, కాఫీ మిరియాల మీద వచ్చింది ఇంకోవైపు. అమ్మ పని సున్నా అని రాస్తే మా తోట నా ఫండ్లని దాటేస్తుంది. అమ్మ పనికి ఉపాధి హామీ కూలి రేటు వేస్తే వెనకబడుతుంది. తోట బాగుందా లేదా అన్నది, అమ్మ రెక్కల కష్టాన్ని ఏ పద్దులో రాస్తామన్న దాని మీద ఆధారపడింది. రెండు అంకెలూ అక్కకి పంపాను. "సున్నా ఏటిరా, మరేటీ రాయకుంటే అదే నయం" అంది. ఇప్పుడు అమ్మ పనిదినాలు కూడా ఒక కొలతగా, ధర లేకుండా, రాస్తున్నాం. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీ కాయ తొలిచే పురుగు బయటపడినప్పుడు, పురుగు పట్టిన కాయలు ఏరి నాశనం చెయ్యాలని ఊరూరా చెప్పారు. అలాంటి ఏడాది పనిదినాలు పెరుగుతాయి, కిలోలు తగ్గుతాయి. ఫండ్ పడిపోతే నాకు ఫోన్‌లో గంట మోగుతుంది. తోటకి ఆ గంట మా చిట్టాలో ఈ రెండు వరసలే.

ఇక అన్నిటికన్నా కష్టమైన పద్దు అక్కది.

నా ఇంజనీరింగు ఫీజు ప్రభుత్వం కట్టినా హాస్టలు, పుస్తకాలు, మొదటి లాప్‌టాప్ అక్క జీతంలోంచి వచ్చాయి. నాన్న మంచాన పడ్డ మూడేళ్ళూ తోట కూలీలకి డబ్బులిచ్చిందీ, చచ్చిపోయిన మొక్కల చోట కొత్తవి వేయించిందీ అక్కే. నాన్న డైరీలో ఇవి కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. ఉన్నవాటికి తేదీలు పెట్టి, 'అప్పులు:అక్క' అని ఖాతా తెరిచి, ఆమెకి చూపించాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పని రాస్తే అప్పే అయిపోద్దిరా. తీసీ" అంది.

"రాయకపోతే నువ్వు పెట్టింది ఎక్కడా లేనట్టే కదక్కా."

"ఉన్నట్టు రాయి. అప్పని రాయకు."

ఇది మాటల మీద పట్టింపు కాదు. ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన 2005 సవరణ గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ హిందూ వారసత్వ చట్టమే షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. 2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు మహిళ వారసులకి ఆమె పుట్టింటి ఆస్తిలో సమాన వాటా ఉందని చెప్పింది. దారి తెరుచుకుంటోంది గానీ అక్క లాంటి వాళ్ళ వాటా ఇంకా చాలావరకు ఇంట్లోవాళ్ళ మాట మీదే నిలబడి ఉంది. అటవీ హక్కు పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇస్తారు కాబట్టి అమ్మ పేరు దాని మీద ఉంది. అక్క పేరు ఎక్కడా లేదు. ఆమె పెట్టిన డబ్బుకి ఉన్న ఒకే ఒక రాత ఈ ఫైలు.

జంట పద్దులో ఖాతాలు అయిదు రకాలు: ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చు, మూలధనం. వ్యక్తిగత లెక్కల యాప్‌లు అయిదోదాన్ని చూపించవు. ఒక్కడి లెక్కలో మూలధనం ఎవరిదన్న ప్రశ్నే రాదు. మా ఇంట్లో వస్తుంది. అప్పు తీర్చేస్తే సంబంధం తెగిపోతుంది, వడ్డీ కట్టాలి, గడువుండాలి. మూలధనానికి గడువు లేదు. అది వాటా. తోట ఉన్నన్నాళ్ళూ ఉంటుంది, తోటతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. 'అప్పులు:అక్క' తీసేసి 'మూలధనం:అక్క' అని రాశాను. ఏం మారిందో ఫోన్‌లో చదివి వినిపించాను. అమ్మ కూడా పక్కనే ఉంది. "వాటా అని రాసినావా? అయితే సరే" అంది అమ్మే ముందు.

అందుకే, ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగేవాళ్ళకి నేనిప్పుడు ఇలా చెప్తున్నాను. ఒక్కడివే ఉండి, డబ్బంతా బ్యాంకుల్లో ఉంటే, అకౌంట్ అగ్రిగేటర్ మీద నడిచే ఏదైనా మంచి యాప్ తీసుకో. అనుమతి ఎన్నాళ్ళకిచ్చావో చూసుకో, నీ లెక్కలు మొత్తం ఒక ఫైలుగా బయటికి తెచ్చుకోగలవో లేదో మొదటిరోజే ప్రయత్నించు. పెళ్ళయినవాడివైతే స్ప్రెడ్‌షీట్, ఇద్దరికీ తాళం ఉండేట్టు. ఊళ్ళో తల్లిదండ్రులు, పంట, పొలం, చీటీలు, చేబదుళ్ళు ఉంటే జంట పద్దుకి రా, గ్నూక్యాష్ అయినా సరే. ఏది తీసుకున్నా అది నిన్ను ఏ గడి నింపమంటోందో, ఏ గడి అసలు ఇవ్వడం లేదో చూడు. ఆ ఇవ్వని గడిలోనే మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు.

మా ఫైలు ఇప్పుడు రెండు లాప్‌టాపుల్లో ఉంది. నెలకోసారి ఆదివారం సాయంత్రం సిగ్నల్ దొరికే చోట అమ్మ కూర్చుంటుంది, నేనో అక్కో పైకి చదువుతాం. గంటన్నర పడుతుంది, సగం సేపు పక్కింటివాళ్ళ కబుర్లే. ఈ ఏడాది కాఫీకి రావలసిన రెండో విడత డబ్బు ఇంకా రాలేదు, ఆ పద్దు తెరిచే ఉంది. వేసవి సెలవుల్లో మొత్తం ప్రింటు తీయించి అమ్మ సంఘం పాస్ పుస్తకం పక్కన పెడదామని అక్క అంటోంది. ఒత్తులు ఊడిపోకుండా అచ్చయ్యే ఫాంటు ఏదన్నా ఉందా అని చూస్తున్నాను.